నౌకాయుద్ధ స్మారక పింగాణీ: ఏ కాలపుది ఎంచుకోవాలి, ఎవరికి ఏది తగును

సముద్రం మీద గెలిచిన యుద్ధాలను, ఆ యుద్ధాలు నడిపిన అడ్మిరళ్లను, వారి నౌకలను జగ్గుల మీద, మగ్గుల మీద, పంచ్ గిన్నెల మీద చిత్రించి అమ్మే అలవాటు పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో బలపడింది. ఆనాటి పాత్రలూ, వాటి వెనుక రెండు శతాబ్దాల పాటు పుట్టుకొచ్చిన పాత్రలూ, బొమ్మలూ ఇవాళ ఒకే వేలంలో, ఒకే అంతర్జాల అంగడిలో పక్కపక్కన కనిపిస్తున్నాయి. ఇంగ్లీషు అడ్మిరల్ నెల్సన్ పేరుతో వెతికిన వారికి 1798 నైలు యుద్ధ విజయం తరువాత వెలువడిన, రంగుల ఉబ్బెత్తు బొమ్మల ప్రాట్‌వేర్ జగ్గు, 1905లో డౌల్టన్ సంస్థ చేసిన శతాబ్ది జగ్గు, 1993లో అదే సంస్థ విడుదల చేసిన ముఖాకారపు జగ్గు ఒకే వరసలో ఎదురవుతాయి. మూడింటి మీదా ఉన్న మనిషి ఒక్కడే అయినా, మూడూ మూడు వేర్వేరు ఉద్దేశాలతో, వేర్వేరు కొనుగోలుదారుల కోసం తయారయ్యాయి. ఏది కొనాలో తేల్చుకోలేక ఆగిపోయిన వారి కోసం ఈ పోలిక రాస్తున్నాను. లండన్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ పాతసామాను సంతలకు వెళ్లగలిగిన తెలుగువారు, విశాఖపట్నం వంటి నౌకాదళ నగరంలో ఉంటూ ఈ చరిత్ర మీద ఆసక్తి పెంచుకున్నవారు నా మనసులో ముందున్నారు.

నా అభిప్రాయం మొదటే చెప్పడం న్యాయం. ఈ పాత్రలు సముద్రం మీద ఏం జరిగిందో చెప్పే సాక్ష్యాలుగా అంతగా పనికిరావు. ఆ వార్త ఒడ్డుకు చేరినప్పుడు సారాయి దుకాణంలో, వంటింట్లో, రేవుపట్టణపు అంగడిలో జనం దాన్ని ఎలా నమ్మారో, ఎవరిని నెత్తిన పెట్టుకున్నారో చెప్పడంలో మాత్రం వీటికి సాటి వచ్చే ఆధారాలు చాలా తక్కువ. అందుచేత ఘటన జరిగిన వెంటనే పుట్టిన ఒక సాదా మగ్గు, అంచున పెచ్చు ఊడినదైనా సరే, వందేళ్ల తరువాత ఉత్సవం కోసం చేసిన మచ్చలేని జాడీ కన్నా నాకు విలువైనదిగా కనిపిస్తుంది. ఈ దృష్టితో ఏకీభవించని వారు కూడా ఉంటారు గనుక, వారికి ఏది నప్పుతుందో కూడా తగినచోట చెబుతాను.

ముందుగా చూడవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసినది, వస్తువుకూ ఘటనకూ మధ్య ఉన్న కాలవ్యవధి. అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ 1739 నవంబరులో ఆరు నౌకలతో పనామా తీరంలోని స్పానిష్ రేవు పోర్టో బెల్లోను పట్టుకున్నప్పుడు, ఆ వార్త వెంట పతకాలు, డెల్ఫ్ట్ (తగరపు పూత వేసిన మట్టి) పంచ్ గిన్నెలు, గట్టిగా కాల్చిన ఉప్పుమెరుగు తెల్లని స్టోన్‌వేర్ టీ పాత్రలు వరసగా బయటికి వచ్చాయి. రెండేళ్లు తిరగకుండానే 1741లో ఆయన మరో స్పానిష్ రేవు కార్టహేనా ముట్టడిలో ఘోరంగా విఫలమయ్యాడు. పోర్టో బెల్లో పాత్ర చేతికి తీసుకున్నప్పుడు, ఆ ఓటమి ఇంకా తెలియని జనం ఉత్సాహం మన చేతిలో ఉన్నట్టే. తరువాతి కాలంలో చేసిన ఏ ప్రతికీ ఆ గుణం రాదు. లండన్‌లో పాతవస్తువుల సంతకు పేరుపడిన పోర్టోబెల్లో రోడ్డుకు కూడా, అక్కడ ఉండిన పోర్టోబెల్లో అనే పొలం ద్వారా, ఈ విజయం పేరే వచ్చింది.

కుమ్మరులు ఈ వ్యవధిని వ్యాపారదృష్టితో బాగా ఎరిగినవారే. 1779లో అడ్మిరల్ కెప్పెల్ సైనిక న్యాయస్థానంలో నిర్దోషిగా తేలి ఒక్కసారిగా జనప్రియుడైనప్పుడు, జోసయా వెడ్జ్‌వుడ్ తన భాగస్వామి బెంట్లీకి రాసిన ఉత్తరంలో, కెప్పెల్ ముఖచిత్రం రెండు మూడు నెలల ముందే చేతికి అంది ఉంటే దాన్ని రకరకాల రూపాలలో వెయ్యి పౌండ్లకు అమ్ముకునేవాళ్లమని వాపోయాడు. అచ్చు పద్ధతి కూడా ఈ తొందరకు అనువుగానే పెరిగింది. రాగి రేకు మీద చెక్కిన బొమ్మను పల్చని కాగితం మీదికి తీసి, దాన్ని పాత్రకు అద్దే ట్రాన్స్‌ఫర్ ముద్రణతో లివర్‌పూల్‌కు చెందిన జాన్ శాడ్లర్, గై గ్రీన్ ఆరు గంటలలో 1200 పలకలు అచ్చువేశామని 1756లో ప్రమాణపత్రం ఇచ్చారు. బొమ్మ చేత్తో గీయనవసరం లేకపోవడం వల్లనే యుద్ధవార్త మామూలు ఇంటి మగ్గు దాకా రాగలిగింది.

రెండవది రాత. అడ్మిరల్ పేరు, నౌక పేరు, యుద్ధతేదీ, కొనుక్కున్న వారి పేరు, పద్యం వంటివి ఎన్ని ఎక్కువగా ఉంటే పాత్ర అంత స్పష్టంగా మాట్లాడుతుంది. బొమ్మను మాత్రం పూర్తిగా నమ్మరాదు, ఎందుకంటే అదే రాగి రేకు మీది నౌకను జెండా మార్చి, పేరు మార్చి, వేర్వేరు నౌకలుగా అమ్మడం ఆ రోజుల్లో మామూలు సంగతి. మూడవది స్థితి, నాలుగవది నకిలీల బెడద. ఈ రెంటి గురించి కింద విడిగా చెప్పవలసినంత ఉంది. చివరిగా ఖర్చు, ఇంట్లో చోటు, రవాణాలో పగిలే ప్రమాదం. ముప్పై సెంటీమీటర్ల జగ్గును సముద్రం దాటించడం వేరు, అరచేతిలో ఇమిడే సాకే (జపాన్ బియ్యపు మద్యం) గిన్నెను తెచ్చుకోవడం వేరు.

వెర్నన్ నుంచి రాడ్నీ దాకా

1740 ప్రాంతపు వెర్నన్ పాత్రలు, 1782 ఏప్రిల్ 12న సెయింట్స్ యుద్ధంలో ఫ్రెంచి అడ్మిరల్ ద గ్రాస్‌ను ఓడించిన రాడ్నీ ముఖం ఆకారంలో పోసిన జగ్గులు ఈ కోవకు చెందుతాయి. అరుదైనవి, ఖరీదైనవి, డెల్ఫ్ట్ అయితే అంచులు పెళుసుగా ఊడేవి కూడాను. కొత్తగా మొదలుపెట్టేవారు వీటిని కొనడం కన్నా మ్యూజియంలో చూసి కన్ను అలవాటు చేసుకోవడం మేలని నా సలహా. ఇంగ్లండులో ఉన్నవారికి బ్రైటన్ మ్యూజియంలోని విలెట్ సేకరణ అందుకు మంచి చోటు. హెన్రీ విలెట్ పందొమ్మిదో శతాబ్దంలో సేకరించిన ఈ పాత్రలను తయారీదారుల వారీగా కాక విషయాల వారీగా అమర్చాడు. ఒక దేశ చరిత్రను దాని ఇళ్లలోని సాదా పాత్రల మీద చదవవచ్చునన్నది ఆయన నమ్మకం. ఆ అమరిక చూసిన తరువాత సొంత సేకరణను ఎలా పేర్చుకోవాలో చాలామందికి దారి దొరుకుతుంది.

నెల్సన్ కాలం, 1794 నుంచి 1806 దాకా

ఈ రంగానికి గుండెకాయ ఇదే. ఇంగ్లీషు అడ్మిరళ్ల విజయాలు చూడండి: 1794 జూన్ 1న హౌ, 1797 ఫిబ్రవరి 14న సెయింట్ విన్సెంట్ అగ్రం దగ్గర జెర్విస్, అదే ఏడాది అక్టోబరు 11న క్యాంపర్‌డౌన్ దగ్గర డంకన్, 1798 ఆగస్టు 1న నైలు ముఖద్వారంలో నెల్సన్, 1801లో కోపెన్‌హాగన్, 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్, 1806 జనవరి 9న సెయింట్ పాల్స్ చర్చిలో నెల్సన్ అంత్యక్రియలు. పన్నెండేళ్లలో ఇన్ని ఘటనలు ఒకదాని వెంట ఒకటి రావడంతో స్టాఫర్డ్‌షైర్, లివర్‌పూల్ కుమ్మరులకు తీరిక లేకుండా పోయింది.

ఇందులో మూడు దారులున్నాయి. మొదటిది మీగడరంగు మట్టి క్రీమ్‌వేర్, నీలిచాయ తెల్లని పెర్ల్‌వేర్ మీద నల్లగానో నీలంగానో అచ్చువేసిన జగ్గులు, మగ్గులు. వీటి మీద రాత ఎక్కువ: యుద్ధవ్యూహపు పటం, విజయం తేదీ, ‘ప్రతివాడూ తన విధి నిర్వర్తిస్తాడని ఇంగ్లండు ఎదురుచూస్తోంది’ అనే నెల్సన్ ట్రఫాల్గర్ సంకేతం, మరణానంతరం చేసినవాటి మీద సమాధి బొమ్మ, శోకపద్యం. చరిత్ర చదువుకోవాలనుకునేవారికి ఇంతకన్నా నిండైన వస్తువు దొరకదు. అయితే మెరుగుపూత మీద వేసిన నల్ల అచ్చు రుద్దుడుకు చెరిగిపోతుంది. చాలా జగ్గులలో పొట్ట ఉబ్బుగా ఉన్నచోట బొమ్మ సగం వెలిసిపోయి ఉంటుంది.

రెండవది ప్రాట్‌వేర్. బొమ్మను అచ్చులో ఉబ్బెత్తుగా తీసి, పూత కింద ఆవపసుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగులు అద్దిన ఈ జగ్గుల మీద ఒకవైపు నెల్సన్, మరోవైపు నైలు యుద్ధంలో ఆయన నౌకాధిపతి ఎడ్వర్డ్ బెర్రీ కనిపించే రకం ప్రసిద్ధమైనది. అలాగే క్యాంపర్‌డౌన్‌లో పోరాడిన డంకన్, నౌకాధిపతి ట్రొల్లొప్ జంట ఉన్నది. రూపసాదృశ్యం పెద్దగా ఉండదు, రాత పేర్లకే పరిమితం. అయినా గదిలో దూరం నుంచి కూడా కన్ను లాగే జీవకళ వీటిలో ఉంది. రంగు పూత కింద ఉండటం వల్ల వెలవదు. చదవడం కన్నా చూడటం ఇష్టపడేవారు క్రీమ్‌వేర్ వదిలి ఇటు రావాలి.

మూడవది సంపన్నుల కోసం చేసిన అసలైన పోర్సలిన్. 1802లో నెల్సన్ తన సన్నిహితులైన హామిల్టన్ దంపతులతో వూస్టర్‌లోని ఛేంబర్లిన్ కర్మాగారానికి స్వయంగా వెళ్లి ఆర్డరు ఇచ్చిన పాత్రల వరస ఇందుకు ఉదాహరణ. అది పూర్తిగా తయారు కాకముందే ఆయన చనిపోయాడు. ఇది అడ్మిరల్ భోజనాల బల్లకు సంబంధించిన సంగతే తప్ప జనం జ్ఞాపకానికి సంబంధించినది కాదు. పైగా నెల్సన్ సొంతవస్తువు అన్న పేరు తగలగానే ధర ఆకాశానికి పోతుంది. మామూలు సేకర్తకు ఇది దారి కాదు.

అమెరికా కోసం ఇంగ్లండు చేసినవి

వ్యాపారం ఎంత నిష్పక్షపాతంగా ఉండగలదో చూపే శాఖ ఇది. లివర్‌పూల్‌లోని హెర్క్యులేనియం వంటి కర్మాగారాలు అమెరికన్ నౌకాధిపతుల కోసం వారి నౌక బొమ్మ, పేరు వేసి జగ్గులు చేసి పంపేవి. ఇంగ్లండు, అమెరికాల మధ్య 1812లో మొదలైన యుద్ధం ముగిసి వర్తకం మళ్లీ మొదలైనప్పుడు, ఆ ఇంగ్లీషు కుమ్మరులే తమ నౌకాదళం ఓడిపోయిన పోరాటాలను అచ్చువేసి అమెరికన్లకు అమ్మారు: 1812 ఆగస్టు 19న ‘కాన్‌స్టిట్యూషన్’ నౌక ‘గెరియేర్’ను ఓడించడం, 1813 సెప్టెంబరు 10న ఈరీ సరస్సు మీద పెర్రీ విజయం, 1814 సెప్టెంబరు 11న ఛాంప్లేన్ సరస్సు మీద మెక్‌డొనో విజయం. బర్స్లెమ్‌కు చెందిన ఈనోక్ వుడ్ అండ్ సన్స్ సంస్థ గవ్వల అంచుతో ముదురునీలంలో చేసిన మెక్‌డొనో విజయం పళ్లెం ఈ శాఖ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది. ముద్ర, విషయం, కర్మాగారం మూడూ స్పష్టంగా తెలిసే వస్తువు కొత్తవారికి ధైర్యాన్నిస్తుంది.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఈ శాఖలో ఒక అదనపు సౌకర్యం ఉంది: స్థానిక వేలాలలో చూసి, చేత్తో పట్టుకుని కొనవచ్చు. సేలంలోని పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో నౌకాధిపతుల జగ్గులను చూసి పోల్చుకోవచ్చు. నౌకాధిపతి పేరున్న జగ్గులకు మాత్రం స్థానిక చరిత్రసంఘాలు, పాత కుటుంబాలు పోటీపడతాయి. జేబు బరువుగా లేనివారు ముదురునీలం పళ్లేలతో సరిపెట్టుకోవడం మంచిది.

సండర్‌లాండ్ లస్టర్: నావికుడి ఇంటి పాత్ర

అడ్మిరళ్లను పక్కన పెట్టి మామూలు నావికుడి ఇంటివైపు చూసే పాత్రలు ఇవి. పందొమ్మిదో శతాబ్దం తొలి డెబ్బై ఏళ్లలో సండర్‌లాండ్ పరిసరాలలో, బంగారపు లవణంతో తీసిన గులాబీరంగు లస్టరును (లోహపు మెరుపు పూతను) మబ్బుల్లా చిమ్మి, మధ్యలో నల్ల అచ్చుబొమ్మ వేసి చేసిన జగ్గులు, గోడపలకలు అసంఖ్యాకంగా వెలువడ్డాయి. వియర్ నది మీద 1796లో తెరిచిన ఇనుప వంతెన, నావికుడి దిక్సూచి, నావికుడు భార్య దగ్గర సెలవు తీసుకునే దృశ్యం, 131 ఫిరంగుల ‘డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్’ వంటి యుద్ధనౌకలు, ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి రష్యాతో చేసిన క్రిమియా యుద్ధకాలపు ఇంగ్లీషు–ఫ్రెంచి జెండాల జంట తరచుగా కనిపించే విషయాలు. మగ్గు అడుగున మట్టికప్ప అతికించి, తాగుతున్నకొద్దీ అది బయటపడేలా చేసిన పాత్రలూ ఉన్నాయి. పద్యాలలో ఎడబాటు, దేవుడి మీద భారం, తిరిగి వస్తానన్న మాట ఉంటాయి. అవి చదువుతుంటే యుద్ధం అడ్మిరల్ కీర్తి దగ్గర ఆగిపోలేదని తెలుస్తుంది.

ధర విషయంలో ఇవి నెల్సన్ పాత్రల కన్నా చాలా అందుబాటులో ఉంటాయి, దొరకడమూ తేలిక. లోపమల్లా తేదీ కచ్చితంగా తేలకపోవడం: అదే అచ్చుబొమ్మను ముప్పై, నలభై ఏళ్లు వాడుతూ పోయారు. నౌకపేరు ఉన్నంతమాత్రాన ఆ నౌక కాలంలోనే చేశారని అనుకోరాదు. ఇరవయ్యో శతాబ్దంలో గ్రేస్ వంటి సంస్థలు ఇదే శైలిని మళ్లీ తీసుకువచ్చాయి. అడుగున వాటి ముద్ర చూసుకుంటే సరిపోతుంది. చిన్న బడ్జెటుతో, చరిత్ర మీద మనసుతో మొదలుపెట్టేవారికి నేను మొదట చెప్పేది ఈ శాఖ పేరే.

స్టాఫర్డ్‌షైర్ బొమ్మలు

గూటిలో నిలబెట్టడానికి వెనకవైపు చదునుగా చేసిన బొమ్మలు. క్రిమియా యుద్ధం నాటి అడ్మిరళ్లు ఛార్లెస్ నేపియర్, డన్‌డాస్, లయన్స్, నెల్సన్ మరణదృశ్యం ఎక్కువగా దొరుకుతాయి. అలంకారానికి చక్కగా ఉంటాయి గాని రాత కేవలం పేరే. ముఖాలు ఒకదానికొకటి పోలి ఉంటాయి. పాత మూసలతో ఇరవయ్యో శతాబ్దంలో కూడా వీటిని పోస్తూ వచ్చారు గనుక నకిలీల బెడద ఈ శాఖలో ఎక్కువ. అసలువి మూసలో మట్టి అదిమి చేసినవి, చేతికి బరువుగా తగులుతాయి, గాలి పోవడానికి చిన్న రంధ్రం మాత్రం ఉంటుంది. తరువాతివి పలచని మట్టిద్రవం పోసి చేసినవి, తేలికగా ఉండి అడుగున వేలు దూరేంత రంధ్రం ఉంటుంది. ఈ ఒక్క గుర్తు తెలిసినా సగం మోసాలు తప్పుతాయి.

1905 శతాబ్ది, మొదటి ప్రపంచయుద్ధం

ట్రఫాల్గర్‌కు నూరేళ్లు నిండిన 1905లో డౌల్టన్ లాంబెత్ కర్మాగారం చేసిన గోధుమరంగు స్టోన్‌వేర్ జగ్గులు గట్టివి, ముద్ర స్పష్టమైనది, బహుమతిగా ఇవ్వడానికి తగినవి. ఉత్సవ వస్తువులలో నేను గౌరవించేది వీటినే, ఎందుకంటే జర్మనీతో నౌకల పోటీ ముదురుతున్న ఆ రోజుల్లో ఇంగ్లండు నెల్సన్‌ను ఎందుకు అంతగా తలుచుకుందో ఆ జగ్గే చెబుతుంది.

యుద్ధం వచ్చాక మళ్లీ ఘటనకు దగ్గరగా పుట్టిన వస్తువులు కనిపిస్తాయి. వ్యంగ్యచిత్రకారుడు ఫ్రాన్సిస్ కరూథర్స్ గౌల్డ్ రూపకల్పనతో విల్కిన్సన్ సంస్థ చేసిన పదకొండు టోబీ జగ్గులలో (కూర్చున్న మనిషి ఆకారపు జగ్గులలో) అడ్మిరళ్లు జెల్లికో, బీటీ ఉన్నారు. అవి అప్పుడే పరిమితంగా చేసినవి, ఇప్పుడు ఖరీదైనవి. వాటికి పూర్తిగా ఎదురుగా ఉన్నవి ఊరి అధికార చిహ్నం వేసిన చిన్న తెల్లని పింగాణీ వస్తువులు: గాస్, ఆర్కేడియన్, కార్ల్‌టన్ వంటి సంస్థలు సముద్రతీరపు విహారయాత్రికుల కోసం చేసిన ఇవి యుద్ధకాలంలో యుద్ధనౌకలుగా, జలాంతర్గాములుగా, టార్పెడోలుగా, నీలిచొక్కా నావికులుగా మారిపోయాయి. అరచేతిలో పట్టేంత పరిమాణం, తక్కువ ధర, లెక్కలేనన్ని రకాలు. చిన్న ఇంట్లో ఉండేవారికి, వారం వారం కొంచెం కొంచెంగా కూడబెట్టడంలో ఆనందం పొందేవారికి ఇంతకన్నా అనుకూలమైనది లేదు. ఫిరంగి గొట్టాలు, పొగగొట్టాలు విరిగి అతికించినవి ఎక్కువ గనుక కొనేముందు కొసలన్నీ భూతద్దంతో చూడాలి.

జర్మనీ, జపాన్

1914కు ముందు జర్మన్ నౌకాదళంలో గడువు ముగించిన నావికులు చేయించుకున్న బీరు మగ్గుల మీద నౌకపేరు, సేవాకాలం, యజమాని పేరు, తోటివారి జాబితా ఉంటాయి. రాత విషయంలో ఇంగ్లీషు పాత్రలేవీ వీటికి సాటిరావు, అయితే పునరుత్పత్తులు కుప్పలుగా ఉన్నాయి. జపాన్ నావికుల సాకే గిన్నెలు అంతే వ్యక్తిగతమైనవి: లంగరు, చెర్రీపువ్వు గుర్తు, నౌకపేరు, సేవ ముగిసిందన్న మాట. రష్యా నౌకాదళం మీద 1905 మే 27, 28 తేదీల త్సుషిమా విజయం తరువాత వచ్చినవి ఎక్కువ కోరుకునేవి. పాత ఖాళీ గిన్నె మీద కొత్తగా చిత్రించి అమ్మే మోసం ఇక్కడ ఉంది. జపాన్ లిపి చదివే స్నేహితులు లేనివారు అడుగు ముందుకు వేయకపోవడమే క్షేమం.

ఒకచోట పెట్టి చూస్తే

| శాఖ | ఘటనకు దగ్గరతనం | రాత | ఖర్చు | నకిలీల బెడద |
|---|---|---|---|---|
| వెర్నన్, రాడ్నీ | చాలా దగ్గర | మధ్యస్థం | అత్యధికం | ఉన్నది |
| నెల్సన్ కాలపు అచ్చుపాత్రలు | చాలా దగ్గర | సమృద్ధం | అధికం | ఉన్నది |
| ప్రాట్‌వేర్ | దగ్గర | పేర్లు మాత్రమే | మధ్యస్థం నుంచి అధికం | ఉన్నది |
| అమెరికా ముదురునీలం | కొన్నేళ్ల తరువాత | మంచిది | మధ్యస్థం | తక్కువ |
| సండర్‌లాండ్ లస్టర్ | తేల్చడం కష్టం | పద్యాలు సమృద్ధం | తక్కువ నుంచి మధ్యస్థం | మధ్యస్థం |
| స్టాఫర్డ్‌షైర్ బొమ్మలు | క్రిమియావి దగ్గర | పేరు మాత్రమే | మధ్యస్థం | ఎక్కువ |
| 1905 డౌల్టన్ | వందేళ్ల తరువాత | మంచిది | మధ్యస్థం | తక్కువ |
| యుద్ధకాలపు చిన్న పింగాణీ | దగ్గర | కొంచెం | తక్కువ | తక్కువ, అతుకులు ఎక్కువ |
| జర్మన్ మగ్గులు, జపాన్ గిన్నెలు | వ్యక్తిగతం | సమృద్ధం | తక్కువ నుంచి అధికం | ఎక్కువ |

ఆధునిక పరిమిత సంచికలను పట్టికలో చేర్చలేదు. 1993 నెల్సన్ ముఖాకారపు జగ్గు, 2005 ద్విశతాబ్ది పళ్లేల వంటివి నచ్చితే ఇంట్లో పెట్టుకోవడానికి కొనండి. ‘పరిమిత సంచిక’ అన్న ముద్రను చూసి ధర పెరుగుతుందని మాత్రం కొనవద్దు. కొన్నవారంతా పెట్టెతో సహా భద్రంగా దాచుకున్న వస్తువు ఎన్నేళ్లయినా అరుదుగా మారదు.

నకిలీ, మరమ్మతు గుర్తుపట్టడం

వేల్స్‌లోని మన్మత్‌లో ఉన్న నెల్సన్ సేకరణ లేడీ లాంగాటక్ కూడబెట్టినది. ఆమె దగ్గర డబ్బుకు, పలుకుబడికి కొదవలేదు. అయినా ఆ సేకరణలో నకిలీలు చేరాయి, చివరికి నెల్సన్ గాజుకన్ను అని చెప్పిన వస్తువుతో సహా. నెల్సన్‌కు 1794లో కోర్సికాలో కుడికంటి చూపు దెబ్బతిన్నదే గాని కన్ను పోలేదు, ఆయన కంటిమీద పట్టీ ధరించనూ లేదు. అందుచేత కంటిపట్టీతో ఉన్న నెల్సన్ జగ్గు ఏదైనా ఆయన కాలపుది కాదని అనుమానించడం మంచిది. కుడిచెయ్యి మాత్రం 1797 జూలైలో టెనెరీఫ్ దాడిలో పోయింది. ఖాళీ చొక్కాచెయ్యి కుడివైపున ఉండాలి.

వస్తువు అడుగు భాగం ముఖం కన్నా నిజం చెబుతుంది. ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర ఉంటే సాధారణంగా 1891 తరువాతిది, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అంటే ఇరవయ్యో శతాబ్దపుది. వజ్రాకారపు నమోదు గుర్తు 1842, 1883 మధ్యది. క్రీమ్‌వేర్ అడుగు అంచులో పూత నిలిచినచోట ఆకుపచ్చ కలిసిన పసుపు, పెర్ల్‌వేర్‌లో నీలిచాయ కనిపించాలి. పదిరెట్ల భూతద్దంలో రాగి చెక్కడపు గీతలు గీతలుగానే కనబడతాయి. వార్తాపత్రిక ఫోటోలో ఉన్నట్టు చుక్కల వరస కనిపిస్తే అది ఆధునిక ముద్రణ. అడుగు అంచు నిజంగా బల్లమీద వందల సార్లు జరిగిన పాత్రలో అరుగుదల అంతటా సమానంగా ఉండదు. గీరి చేసిన అరుగుదల సమానంగా ఉంటుంది.

వేలిగోటితో మెల్లగా తట్టినప్పుడు మోగకుండా మొద్దుగా పలికితే పగులు ఉన్నట్టే. అతినీలలోహిత దీపం కింద కొత్త పూత, జిగురు వేరేరంగులో మెరుస్తాయి. వెంట్రుకవాసి పగులు, అంచున చిన్న పెచ్చు అరుదైన పాత్రలో నేను క్షమిస్తాను. జగ్గు ముక్కు, పిడి కొత్తగా చేసి రంగు వేసి దాచినదాన్ని, అమ్మేవారు ముందే చెప్పకపోతే, ఎంత చవకైనా వదిలేస్తాను. సర్వసాధారణమైన 1905 జగ్గులో మాత్రం ఏ లోపమూ ఒప్పుకోనవసరం లేదు, మరొకటి దొరుకుతుంది.

ఎవరికి ఏది

చరిత్ర చదివే మనిషి, ఏడాదికి ఒకటే కొనగలిగినా సరే, నెల్సన్ కాలపు అచ్చుమగ్గు కోసం ఆగాలి. ఆ డబ్బుతో మూడు స్టాఫర్డ్‌షైర్ బొమ్మలు వచ్చినా లొంగరాదు. నావికుల కుటుంబాలలో పుట్టినవారికి, ఎడబాటు రుచి తెలిసినవారికి సండర్‌లాండ్ పద్యపు జగ్గు అడ్మిరళ్లందరి కన్నా దగ్గరగా అనిపిస్తుంది. అమెరికాలో స్థిరపడినవారు ముదురునీలంతో మొదలుపెట్టాలి. పదవీవిరమణ చేసిన నౌకాదళ అధికారికి కానుక ఇవ్వదలచినవారికి 1905 డౌల్టన్ జగ్గు సురక్షితమైన ఎంపిక. పిల్లలతో కలిసి సేకరించాలనుకునే ఇంటికి యుద్ధకాలపు చిన్న నౌకలు, జలాంతర్గాములు చాలు.

తెలుగు తీరంతో సంబంధమున్న వస్తువు కావాలని కోరుకునేవారికి ఒక మాట. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవులో ఫ్రెంచి అడ్మిరల్ లినువా నౌకలు ఇంగ్లీషు యుద్ధనౌక ‘సెంచూరియన్’ మీద దాడిచేశాయి. యువకుడైన నెల్సన్ కూడా 1770లలో ‘సీహార్స్’ నౌకమీద మద్రాసు దాకా వచ్చాడు. ఈ పేర్లు చెప్పి ఏదైనా పాత్ర అమ్మజూపితే, దాని మీద నౌకపేరు, తేదీ అచ్చులోనే ఉంటే తప్ప అదనపు ధర ఇవ్వరాదు. దానికన్నా మన నౌకాదళపు నౌకల చిహ్నంతో, పేరుతో, సంవత్సరంతో ఉన్న మగ్గులు ఇప్పుడే దాచుకోవడం తెలివైన పని. 2016లో విశాఖలో జరిగిన అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష వంటి సందర్భాలకు చెందినవి, సేవ ముగించిన ‘విరాట్’ వంటి నౌకల్లో పనిచేసినవారి ఇళ్లలో ఉన్నవి ఘటనకు దగ్గరగా పుట్టిన వస్తువులే. ఎవరు, ఎప్పుడు, ఏ నౌకలో పనిచేస్తూ పొందారో ఒక కాగితం మీద రాయించుకుని మగ్గులో పెట్టాలి.

తెచ్చుకోవడం, ఉంచుకోవడం

విదేశం నుంచి పంపేవారిని రెండు పెట్టెలలో, మధ్య మెత్తటి సామగ్రి నింపి కట్టమని రాతపూర్వకంగా అడగాలి. పాత్ర లోపల కూడా కాగితం ఉండలు పెట్టించాలి, పిడి చుట్టూ విడిగా చుట్టించాలి. జగ్గును ఎన్నడూ పిడి పట్టి ఎత్తరాదు. గోడకు పళ్లెం తగిలించే స్ప్రింగు తీగలు అంచును కొరుకుతాయి గనుక చెక్కపీట మీద నిలబెట్టడం మేలు. పాత పూతల్లో సీసం ఉంటుంది. వీటిలో తినకూడదు, తాగకూడదు. లస్టరును, పూతమీది అచ్చును రుద్ది తోమితే బొమ్మ చేతికి వస్తుంది, తడిగుడ్డతో అద్దడం చాలు. విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో పాత జిగురుతో అతికిన పిడులు వదులవుతాయి, ఏడాదికోసారి చూసుకోవాలి.

భారతదేశంలోకి తెచ్చుకునేవారు కస్టమ్స్ సుంకాన్ని ధరలో కలిపి లెక్క వేసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువులను దేశం బయటికి పంపడం మీద కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. ఇంగ్లండులో చేసిన జగ్గైనా, ఇక్కడికి వచ్చిన తరువాత మళ్లీ బయటికి తీసుకువెళ్లేటప్పుడు ప్రశ్న తలెత్తవచ్చు. విదేశంలో కొన్న రశీదు, దిగుమతినాటి కస్టమ్స్ కాగితం, వస్తువు అడుగుభాగపు ఫోటోతో సహా ఒకే కవరులో దాచాలి. పిల్లల దగ్గరకు అమెరికా తీసుకువెళ్లాలని అనుకునే సేకరణ అయితే, కొన్నదాన్ని అక్కడే వారి ఇంట్లో ఉంచడం గురించి మొదటే ఆలోచించుకోవడం మంచిది.